ఊమెన్ ద్వారం దగ్గర ఐదు నిమిషాలు

దీపావళి వెళ్ళిన ఐదో రోజున మలేషియాలోని ఇపో నుంచి పంతొమ్మిది మంది ప్రయాణికులను బీజింగ్ తీసుకువెళ్ళి, ఆరు రోజుల తరువాత క్షేమంగా వెనక్కి తీసుకురావలసిన పని నాకు అప్పగించారు. కోవిడ్ తరువాత చైనా తలుపులు తెరిచి, మలేషియా పాస్‌పోర్టుకు వీసా అక్కర్లేదని చెప్పిన మరుసటి సంవత్సరం అది. వచ్చినవాళ్ళందరూ పెరాక్ రాష్ట్రంలోని తెలుగు కుటుంబాలవాళ్ళే, ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. నా పదవీ విరమణకు అప్పటికి నాలుగు నెలలుంది.

నా హోదా టూర్ లీడర్. దీన్నీ గైడ్ పనినీ చాలామంది ఒకటే అనుకుంటారు. గైడ్ ఆ ఊరి మనిషి, చోటును చూపించడం గైడ్ పని. టూర్ లీడర్ బయలుదేరిన ఊరి నుంచే వెంట వస్తాడు, మనుషులను చూసుకోవడం అతని పని. ఎవరి మందులు ఏ సంచిలో ఉన్నాయి, ఎవరికి మెట్లు పడవు, ఏ గదిలో ఎవరెవరు పడుకుంటారు, ఇదంతా అతని ఫైలులో ఉండాలి. బస్సెక్కేటప్పుడు తలలు లెక్కపెట్టాలి, దిగేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టాలి. ముప్ఫై ఏళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగంలో సగం ఈ లెక్కపెట్టడమే.

ఆ జట్టులో ఇపోకు దగ్గరలోని సుంగై సిపుట్ ఊరి నుంచి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. పెద్దావిడ సూరమ్మ గారికి డెబ్బై రెండు. చిన్నప్పుడు రబ్బరు తోటలో పాలు తీసి, తరువాత చేతితొడుగుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. చిన్నావిడ పైడమ్మ గారు బడి క్యాంటీన్ నడిపేవారు. ఇద్దరూ భర్తలు పోయాక ఒకే ఇంట్లో ఉంటున్నారు. సూరమ్మ గారికి వినికిడి తక్కువ. ఎడమ చెవిలో మిషను ఉండేది గాని, జనం గోలలో అది పనిచేసేది కాదు. మా ప్రయాణాలలో గైడ్ మాటలు చెవిలో వినిపించే చిన్న పరికరం ఒకటి అందరికీ ఇస్తాం. అది ఆవిడకు పనికిరాలేదు. పైడమ్మ గారు విని, అక్క చెవి దగ్గర నోరు పెట్టి, తెలుగులో మళ్ళీ చెప్పేవారు. నా ఫైలులో సూరమ్మ గారి పేరు పక్కన “వినికిడి తక్కువ, చెల్లెలు పక్కనే ఉండాలి” అని నా చేతితోనే రాసుకున్నాను.

మూడో రోజున నిషిద్ధ నగరం. మింగ్, చింగ్ వంశాల చక్రవర్తులు ఐదు శతాబ్దాల పాటు కాపురమున్న రాజప్రాసాదం అది. దాని టికెట్ల పద్ధతి తెలియకపోతే తరువాత జరిగింది అర్థం కాదు కాబట్టి చెబుతాను. అక్కడ కాగితం టికెట్ లేదు. మన పాస్‌పోర్టు నంబరే టికెట్. వెళ్ళే రోజుకు ఏడు రోజుల ముందు అమ్మకం మొదలవుతుంది, గిరాకీ ఉన్న రోజుల్లో చూస్తుండగానే అయిపోతుంది. ఉదయపు టికెట్ వేరు, మధ్యాహ్నపు టికెట్ వేరు. దక్షిణాన ఉన్న ఊమెన్ ద్వారంలోంచి లోపలికి పోవాలి. బయటికి రావడం ఉత్తర ద్వారంలోంచి గాని, తూర్పు ద్వారంలోంచి గాని. వచ్చిన దారిన వెనక్కి రానివ్వరు. ఒకసారి బయటికి వస్తే మళ్ళీ లోపలికి పోనివ్వరు.

మా లెక్క ప్రకారం టికెట్లు తెరుచుకునే రోజు సరిగ్గా దీపావళి పడింది. ఆ మధ్యాహ్నానికే పేర్లూ నంబర్లూ ఉన్న పట్టీ బీజింగ్‌లోని మా ఏజెంటుకు చేరాలి. పట్టీ పంపేముందు ఒకరు పాస్‌పోర్టు నకలు చూసి నంబరు పైకి చదవాలి, ఇంకొకరు పట్టీలో టిక్కు పెట్టాలి. ఆఫీసులో నియమం అది. ఆరోజు ఆఫీసుకు సెలవు. ఇంటినిండా చుట్టాలు. కంప్యూటరులో ఉన్న పట్టీ తెరిచి, పైనుంచి కిందకి ఒకసారి చూసి, “సరిచూశాను” అని రాసి పంపేశాను. నేను ఎవరినీ చదవమనలేదు, నకళ్ళ కట్ట విప్పనూ లేదు.

మూడో రోజు ఉదయం తొమ్మిది దాటాక ఊమెన్ ద్వారం ముందు వరసలో నిలబడ్డాం. గాలి చలిగా ఉంది. ఎర్రటి గోడలు మూడు వైపులా లేచి ఉంటాయి అక్కడ. మధ్యలో నిలబడ్డ మనిషి తనెంత చిన్నవాడో తెలుసుకునేలా కట్టారు. మా గైడ్ మేడమ్ లిన్ నలభై దాటిన బీజింగ్ మనిషి, కాలేజీలో మలయ్ భాష చదువుకుంది. ఆవిడ జెండా పట్టుకుని ముందు, నేను అందరికీ వెనక. ఒక్కొక్కరే పాస్‌పోర్టు యంత్రం మీద పెట్టి లోపలికి పోతున్నారు. పద్దెనిమిదో మనిషి సూరమ్మ గారు, పచ్చ దీపం వెలిగింది. పంతొమ్మిదో మనిషి పైడమ్మ గారు. దీపం వెలగలేదు. అక్కడి ఉద్యోగి పాస్‌పోర్టు తుడిచి మళ్ళీ పెట్టింది. ఏమీ లేదు. పక్కకు నిలబడమని చేయి చూపించింది.

నేను ఫైలు తెరిచాను. పట్టీలో ఉన్న నంబరు వేరు, ఆవిడ చేతిలో ఉన్న పాస్‌పోర్టు నంబరు వేరు. మా దేశంలో మామూలే, గడువు దగ్గర పడితే కొత్తది తీసుకుంటాం, నంబరు మారుతుంది.

“ఏటి తమ్ముడూ, ఏటయినాది?” అన్నారు పైడమ్మ గారు. “కొత్త పాస్‌పోర్టు తీసినాను కదా. ఇపో ఆపీసుకి ఒచ్చి నకలు నా సేత్తోనే ఇచ్చినాను.”

ఇచ్చారు. విమానం టికెట్లు చూసేవాళ్ళు దాన్ని మార్చుకున్నారు కూడా. పాత నంబరు నా పట్టీలోనే మిగిలిపోయింది.

“ఏం లేదక్కా, మిషన్లో ఏదో తప్పు. ఇక్కడ ఇలాగ అవుతాది,” అన్నాను. ఆ రోజు నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

అడ్డుకమ్మీకి అవతల సూరమ్మ గారు నిలబడి వెనక్కి చూస్తున్నారు. వెనక జనం తోస్తున్నారు. నేను కమ్మీ దగ్గరికి వెళ్ళి, ఆవిడకు వినబడేలా గట్టిగా చెప్పాను. “సూరమ్మక్కా! ఒక్క ఐదు నిమిషాలు. చెల్లి ఎనకాలే ఒస్తాది.” ఐదు వేళ్ళూ చూపించాను కూడా. ఆవిడ తల ఊపారు. అది రెండో అబద్ధం. టికెట్ దొరుకుతుందో లేదో, దొరికితే ఎంతసేపు పడుతుందో నాకు ఏమీ తెలియదు. ఆవిడ కంగారుపడకుండా ముందుకు నడిస్తే చాలు, మిగిలింది నేను చూసుకుంటాననుకున్నాను. ఫోనులో మేడమ్ లిన్‌కు సంగతి చెప్పి జట్టును తీసుకుపొమ్మన్నాను. సూరమ్మ గారి చెవి సంగతి ఆ క్షణంలో గుర్తు చేయలేదు. అక్కచెల్లెళ్ళను విడదీస్తున్నానన్న ఆలోచనే రాలేదు. నా బుర్రలో ఉన్నది ఒక్కటే, ఈ తప్పు బయటపడకుండా టికెట్ ఎలా పుట్టించడం.

సహాయ కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాం. మా బీజింగ్ ఏజెంటు ఫోనులో ఆ కిటికీలోని ఉద్యోగినితో చైనీసులో మాట్లాడాడు. ఆవిడ మర్యాదగానే విన్నది, ఓపికగా రెండుసార్లు చూసింది. నంబరు దిద్దడం కుదరదు, పాతది రద్దుచేసి కొత్తగా కొనాలి. కొనడానికి ఉదయానివీ లేవు, మధ్యాహ్నానివీ లేవు. పది దాటేసరికి జవాబు ఇదీ.

పైడమ్మ గారు చేతిసంచి గుండెకు ఆనించుకుని ఆ గోడల వంక చూస్తూ నిలబడ్డారు. అప్పుడు నా ఫోను మోగింది.

“ఎన్చిక్,” అన్నది మేడమ్ లిన్ మలయ్‌లో. అంటే అయ్యా అని. “మీ దగ్గర ఎంతమంది ఉన్నారు? నాకు పదిహేడు వస్తోంది.”

మళ్ళీ లెక్కపెట్టమన్నాను. పదిహేడే. ద్వారం దాటాక పద్దెనిమిది తలలు లెక్కపెట్టి బయలుదేరిందట. పెద్ద మంటపం పక్కన మరుగుదొడ్ల దగ్గర ఆగినప్పుడు మళ్ళీ లెక్కపెడితే ఒకరు తక్కువ. ఎవరని అడిగాను. ఎవరో నాకు ముందే తెలుసు.

“అప్పకి ఏటి?” అన్నారు పైడమ్మ గారు. మా ఉత్తరాంధ్ర వాడుకలో అప్ప అంటే అక్క. నా మొహం చూసి అడిగారు.

“ఏం లేదు. జట్టుతో ఉన్నారు,” అన్నాను.

మూడోది. ముప్ఫై ఏళ్ళలో మనుషులు తప్పిపోవడం చూడకపోలేదు. ఫోను చేస్తే దొరుకుతారు, అరిస్తే దొరుకుతారు, మైకులో పేరు పిలిపిస్తే దొరుకుతారు. ఈవిడకు చివరి రెండూ లేవు. అరుపు వినపడదు. మైకు వినపడదు. భాష రాదు. ఫోను సంగతి గుర్తొచ్చి, “మీ అక్క ఫోను నంబరొకసారి ఇయ్యండి,” అన్నాను, మామూలుగా అడిగినట్టు.

పైడమ్మ గారు సంచి తెరిచి ఒక ఫోను తీసి నా చేతిలో పెట్టారు. “ఇదే అప్ప పోను. దానికి మోగినా వినబడదు కదా, రెండూ నాకాడే ఉంటాయి.” ఆవిడ నా కళ్ళలోకి చూశారు. “తమ్ముడూ, జట్టుతో ఉంటే పోను ఎందుకు అడగతావు?”

ఇక దాచలేకపోయాను. సూరమ్మ గారు కనబడడం లేదని చెప్పాను.

ఆవిడ కేకలు వేయలేదు. పక్కనున్న రాతి దిమ్మె మీద కూర్చుండిపోయారు. మేడమ్ లిన్ అక్కడి సిబ్బందికి ఫొటో చూపించింది, వాళ్ళు ఉత్తరం వైపు వెతుకుతున్నారు, తప్పిపోయినవాళ్ళు జనంతో పాటు ముందుకే కొట్టుకుపోతారు కాబట్టి ఉత్తర ద్వారం దగ్గర మనిషిని పెట్టారు, అని నేను వివరిస్తున్నాను. నా పద్ధతులన్నీ ఏకరువు పెడుతున్నాను. ఆవిడ చేయి ఎత్తి ఆపారు.

“అదంతా అలాగుండనీ. మా అప్పతో నువ్వు ఏటి సెప్పినావు? ఏ మాట సెప్పినావో అదే సెప్పు. మార్సకుండా.”

“ఐదు నిమిషాలు. చెల్లి ఎనకాలే ఒస్తాది. అంతే.”

“దానికి వినబడినాదా?”

“తల ఊపినారు.”

“అయితే అది ఎక్కడికీ ఎల్లదు,” అన్నారు పైడమ్మ గారు. “నేను ఒస్తానని సెప్పినాక నన్ను ఒదిలేసి జట్టుతో పోద్దా? అది నిలబడిపోయుంటాది. ఆ గుమ్మం కాడే సూడు. ముందుకి ఎతికితే ఏటి లాబం?”

నా ఉదయపు టికెట్ ఇంకా వాడలేదు. మధ్యాహ్నం దాకా చెల్లుతుంది. కాని నేను లోపలికి పోతే పైడమ్మ గారు బయట ఒంటరిగా ఉండాలి. ఒకావిడను వదిలి చేసిన పొరపాటును రెండో ఆవిడతో కూడా చేస్తానా అని ఆగిపోయాను. “నువ్వు ఎల్లు,” అన్నారావిడ. “నేను ఈ రాయి మీంచి లేవను.”

అప్పుడు మాత్రం జాగ్రత్తగా మాట్లాడాను. దొరుకుతారో లేదో నాకు తెలియదన్నాను. ఎంతసేపు పడుతుందో తెలియదన్నాను. దొరికినా దొరక్కపోయినా సరిగ్గా పన్నెండింటికి ఫోను చేస్తానన్నాను. ఆవిడ తన ఫోను శబ్దం పెంచి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఊమెన్ ద్వారం గోడ చాలా మందం. సొరంగంలాంటి దారి దాటితే పెద్ద రాతి వాకిలి, మధ్యలో విల్లులా వంగిన నీటి కాలువ, దాని మీద ఐదు పాలరాతి వంతెనలు, అవతల పసుపు పచ్చని కప్పుల మంటపాలు. సొరంగం చివర ఎడమ పక్క చూశాను, కుడి పక్క చూశాను. లేరు. పైడమ్మ గారి మాట మీద పెట్టుకున్న ఆశ అక్కడితో కుంగిపోయింది. మళ్ళీ ఒకసారి గోడ వెంబడి నడిచాను. ఊదా రంగు ఉన్ని కోటు, తెల్లటి జుట్టు, వెతకాల్సింది ఇంతే. అక్కడ ఊదా రంగు కోట్లు వేసుకున్న ముసలమ్మలు డజన్ల కొద్దీ ఉన్నారు. ఒకావిడ భుజం కూడా తట్టాను. చైనావిడ. నన్ను చూసి జాలిపడి నవ్వింది.

ఆ అరగంటలో నేను ఊహించుకోనిది లేదు. ఎక్కడో మెట్ల మీద పడిపోయి ఉంటారు. చలికి రక్తపోటు పెరిగి ఉంటుంది. ఆస్పత్రికి తీసుకుపోయి ఉంటారు, అక్కడ పేరు అడిగితే ఆవిడకు వినపడదు. సుంగై సిపుట్‌లో ఉన్న వాళ్ళ మేనల్లుడికి ఫోను చేసి ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా లోలోపల కూర్చుకున్నాను. అప్పుడు కూడా ఆ వాక్యంలో “మిషన్లో తప్పు” అనే వచ్చింది. అది గమనించి నాకే భయం వేసింది.

వంతెన దగ్గర ఎవరో నా చొక్కా చేయి పట్టుకుని లాగారు.

“చెల్లి ఏది?” అన్నారు సూరమ్మ గారు.

ఆవిడ చేతిలో పాస్‌పోర్టు తెరిచే ఉంది. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. సొరంగం చివర నిలబడితే దారికి అడ్డమని కాపలావాళ్ళు పక్కకు పంపించారట. అక్కణ్ణుంచి కొద్దిగా జరిగి, ద్వారం కనిపించేలా కాలువ గట్టున వంతెన కమ్మీకి ఆనుకుని నిలబడ్డారు. నేను లోపలికి వచ్చినప్పుడే చూసి పిలిచారట, రెండుసార్లు. ఆ గోలలో వినపడనిది ఆ పూట నాకు. ఆవిడ కాలి నొప్పితో మెల్లగా నడిచి నా దగ్గరికి వచ్చేసరికి అంతసేపు పట్టింది.

“చెల్లి ఏది? పోలీసోళ్ళు అట్టుకుపోనారా?”

అప్పుడు తెలిసింది నాకు. ఐదు నిమిషాల్లో వస్తుందన్న మనిషి దాదాపు రెండు గంటలు రాకపోతే ఎవరైనా ఏమనుకుంటారు? పరాయి దేశం, యూనిఫారం వేసుకున్న ఉద్యోగులు పక్కకు నిలబెట్టారు. చెల్లిని జైలుకు తీసుకుపోయారని ఆవిడ నిశ్చయించుకున్నారు. వెనక్కి పోబోతే పోనివ్వలేదు. ఎవరినీ అడగలేరు. మేం బయట పడిన ఆందోళన ఒక ఎత్తు, ఆ కమ్మీ దగ్గర ఆవిడ ఒంటరిగా పడింది ఇంకొక ఎత్తు.

వెంటనే పైడమ్మ గారికి ఫోను చేసి సూరమ్మ గారి మొహం వీడియోలో చూపించాను. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు. మేడమ్ లిన్‌కు చెప్పాను. ఫోనులో ఆవిడ గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. ముందుకు వెళ్ళి రాజప్రాసాదం చూస్తారా, జట్టుతో కలుపుతాను అని సూరమ్మ గారిని అడిగాను. అది వినపడగానే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. తూర్పు దారిన బయటికి తీసుకువెళ్ళాను. కందకం గట్టు వెంబడి నడిచి వచ్చేసరికి పైడమ్మ గారు అదే రాయి మీద ఉన్నారు.

అక్కడే చెప్పేశాను. మిషన్లో తప్పు లేదని, పాత నంబరు పంపింది నేనని, సరిచూడకుండా సరిచూశానని రాసింది కూడా నేనేనని.

“నేను ఇపో దాకా ఒచ్చి ఇచ్చినాను,” అన్నారు పైడమ్మ గారు. “మిషన్ అని సెప్పినావు. నా పాస్‌పోర్టులో ఏదో దోసం ఉందేమో, తిరిగి ఇంటికి పోనిస్తారో లేదో అని నేను ఒణికిపోతన్నాను ఇక్కడ.”

“ఏటి సెప్తన్నాడు?” అన్నారు సూరమ్మ గారు.

పైడమ్మ గారు అక్క చెవి దగ్గర నోరు పెట్టి అరిచారు. “తప్పు ఈయనదే అంట! టికెట్ లేదంట! ముందే తెలుసంట!”

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. సూరమ్మ గారు నా వంక చూసి, కోపం లేకుండానే అన్నారు. “అదే అప్పుడు సెప్పుంటే, మేడమ్మని పిలిచి నన్నూ బయటికి తెచ్చేసుందురు కదా. చెల్లితో నేనూ ఈడే కూచుందును.”



మధ్యాహ్నం జట్టు ఉత్తర ద్వారంలోంచి వచ్చి మమ్మల్ని కలుసుకుంది. అందరూ ఫోనులో ఫొటోలు చూపించారు. పైడమ్మ గారు నాలుగైదు చూసి, బాగున్నాయని చెప్పి తిరిగి ఇచ్చేశారు. మిగిలిన రోజులకు టికెట్లు ప్రయత్నించాం, దొరకలేదు. ఆవిడ ఆ ప్రాసాదం లోపల అడుగు పెట్టకుండానే ఇపోకు తిరిగి వచ్చారు.

మా పనిలో ఏదైనా జరిగితే వారంలోపల సంఘటన నివేదిక ఇవ్వాలి. మేనేజరు నా కంటే పదిహేనేళ్ళు చిన్న, మంచివాడు. “నంబర్లు కలవలేదు అని రాయండి చాలు, అన్నా. నాలుగు నెలల్లో రిటైర్ అవుతారు,” అన్నాడు. నంబరు ఎందుకు కలవలేదో రాశాను. దీపావళి రోజున నేనేం చేశానో రాశాను. ఆ ఫారంలో ప్రయాణికులకు ఏం చెప్పామో రాసే గడి లేదు. అందుకని “ఇతర విషయాలు” అన్నచోట ఆ మూడు మాటలూ, ఏ మాట ఎవరికి ఎప్పుడు చెప్పానో వరసగా రాశాను. మందలింపు లేఖ ఇచ్చారు. నా ఫైలులో ఉన్న మందలింపు అదొక్కటే.

నివేదిక తెలుగులో తిరగరాసుకుని సుంగై సిపుట్ వెళ్ళాను. పైడమ్మ గారు గుమ్మంలోనే నిలబడి మొత్తం చదివారు. “ఇది ఆపీసోళ్ళు సూసినారా?” అని అడిగారు. చూశారన్నాను. “మంచిది,” అని లోపలికి రమ్మన్నారు.

తరువాత ఆ నాలుగు నెలల్లో ఇద్దరు కొత్త టూర్ లీడర్లకు పని నేర్పాను. పట్టీ సరిచూడడం అందరూ నేర్పుతారు, నేనూ నేర్పాను. దానితో పాటు ఇంకొకటి చెప్పాను. ఆలస్యమైనప్పుడు ప్రయాణికుడికి ధైర్యం చెప్పడం మన పని అనుకుంటాం. అది కాదు. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పడం మన పని, ఎంతసేపు పడుతుందో తెలియకపోతే తెలియదని చెప్పడం మన పని. ఎదుటి మనిషి మన మాట పట్టుకుని తన నిర్ణయం తీసుకుంటుంది. మాట తప్పయితే ఆ నిర్ణయం కూడా తప్పవుతుంది, ఆ తప్పు ఆ మనిషిది కాదు.